డీజిల్ బండిలో పెట్రోల్

శశాంక్‌కు వరంగల్ స్టేషన్ రోడ్డులో రంగుల దుకాణం ఉంది. తాత పెట్టింది, తండ్రి పెంచింది. అతని వంతు వచ్చేసరికి గల్లాపెట్టె ముందు కూర్చోవడం తప్ప పెద్దగా చేయడానికి ఏమీ మిగల్లేదు. అందుకేనేమో, నలభై దగ్గరపడుతుండగా గుట్టలెక్కే బండి మీద మనసు పడింది. టైల్స్ వ్యాపారం చేసే అబ్బాస్, ప్లాట్లు అమ్మే సాయితేజ, ఇంకొందరు కలిసి ఆదివారాలు పాలకుర్తి దారిలోని పాడుబడ్డ క్వారీకి జీపులేసుకుని వెళ్లేవాళ్లు. బురదలో దిగడం, బండల మీదికి ఎక్కించడం, మధ్యాహ్నం బిర్యానీ తిని ఇల్లు చేరడం. అబ్బాస్ పక్క సీట్లో కూర్చుని ఒకటి రెండుసార్లు వెళ్లొచ్చాక శశాంక్‌కు మరో ధ్యాస లేకుండా పోయింది.

కొనడం ఖాయమే. పెట్రోలా, డీజిలా అన్నదొక్కటే తేలలేదు.

అతని భార్య సుభాషిణి నెక్కొండలో జూనియర్ కాలేజీ లెక్చరర్. రోజూ రైల్లో వెళ్తుంది, రైలు తప్పినప్పుడు కారు తీస్తుంది. అతనికంటే నిదానంగా, అతనికంటే బాగా నడుపుతుంది. షోరూంలో ఇద్దరూ రెండు బండ్లూ నడిపి చూశారు.

"పెట్రోల్దే తీసుకుందామండీ," అంది బయటికి వచ్చాక. "చప్పుడు లేదు, కాలు పెట్టంగనే ఉరుకుతాంది. మనం ఊళ్లె తిరిగేదే ఎక్కువ, గుట్టలెక్కేది నెలకోసారి. కొత్త డీజిల్ బండ్లకు పొగ వడపోసే ఫిల్టర్ ఉంటదట. ఎప్పుడూ దగ్గర దగ్గర్నే తిప్పితే అది మసి పట్టి మూసుకపోతదని ఆ షోరూం పిల్లనే చెప్పింది కదా."

నిజానికి శశాంక్‌కు కూడా పెట్రోల్ బండే నచ్చింది. ఆ మాటే ఆదివారం క్వారీ దగ్గర అన్నాడు.

సాయితేజ పకపకా నవ్వాడు. "పెట్రోల్దా? కూరగాయల మార్కెట్‌కు మస్తుంటది అన్నా! గుట్ట ఎక్కాల్నంటే డీజిలే ఉండాలె. చిన్న గేర్ల ఎడ్లు గుంజినట్టు గుంజుతది. పెట్రోల్ది ఆడోళ్ల బండి."

"గట్లేం లేదు," అన్నాడు అబ్బాస్. "ఎక్కుడుకు, బరువుకు డీజిల్ మంచిదే. ఉరుకుడుకు, ఊళ్లె తిరుగుడుకు పెట్రోల్. ఎవలి అవసరం వాళ్లది భాయ్."

కానీ అప్పటికే అందరూ నవ్వేశారు. శశాంక్ కూడా వాళ్లతో కలిసి నవ్వాడు, తను అన్నది ఉత్త మాటేనన్నట్టు. మర్నాడు వెళ్లి డీజిల్ బండి బుక్ చేశాడు. ఇంటికొచ్చి, "పెట్రోల్దానికి ఎనిమిది నెలలు ఆగాల్నట. డీజిల్దయితే వెంటనే ఇస్తరట," అని చెప్పాడు. సుభాషిణి అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "సరే," అంది.

బండి వచ్చింది. మొదటి ఆదివారం క్వారీకి బయల్దేరుతూ శశాంక్ క్వారీకి కాస్త ముందున్న బంకు దగ్గర ఆగాడు. బండి ఫొటోలు గ్రూపులో పెడుతూ ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "పెట్రోల్, ఫుల్," అన్నాడు. పదేళ్లు పెట్రోల్ కారు నడిపిన నాలుక అది. బంకు మనిషి, "పెట్రోలేనా సార్?" అని మళ్లీ అడిగాడు కూడా. "ఔనయ్యా, జల్దీ కానీ," అన్నాడు శశాంక్.

ట్యాంకులో కాస్త డీజిల్ మిగిలి ఉండబట్టి బండి క్వారీ దాకా ఎలాగో వచ్చింది. అందరూ చూస్తుండగా ఎత్తు ఎక్కిస్తుంటే ఇంజన్ టకటకా కొట్టుకుంది, దమ్ము పోయింది, సగంలో ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్లీ లేవలేదు. అబ్బాస్ వచ్చి ట్యాంకు మూత తీసి వాసన చూశాడు.

"ఏం పోసిండ్రు దీంట్ల?"

శశాంక్‌కు ఒక్కసారిగా బంకు కళ్ల ముందు కదిలింది. చుట్టూ నిలబడ్డవాళ్ల మొహాల్లో అప్పుడే నవ్వు మొలకెత్తుతోంది. నోరు తెరిస్తే నిజం రావాలి. వచ్చింది మాత్రం ఇది:

"నిన్న మా ఇంటామె కాలేజీకి తీస్కపోయింది. ఆమెనే పోయించినట్టున్నది."

"ఆడోళ్లకు బండి ఇస్తే గంతే అన్నా!" అని సాయితేజ తొడ కొట్టుకుని నవ్వాడు. నవ్వు అటు మళ్లింది. శశాంక్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ రోజు బండిని తాడు కట్టి లాక్కుపోయారు. ట్యాంకు కడిగించి, పాడైన పంపు మార్పించుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. సుభాషిణికి ఏదో చిన్న రిపేరని చెప్పాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

రంజాన్ పండుగకు అబ్బాస్ అందరినీ ఇంటికి పిలిచాడు. అతని భార్య నుస్రత్ దగ్గరుండి కొసరి కొసరి వడ్డిస్తోంది. పండుగ సేమ్యా పాయసం షీర్ ఖుర్మా గిన్నెలు చేతికొచ్చే వేళకు సాయితేజ సుభాషిణి వైపు తిరిగాడు.

"వదినా, ఇప్పుడేం పోస్తున్నవ్ బండిల? పెట్రోలా, డీజిలా?"

సుభాషిణికి అర్థం కాలేదు. సాయితేజ నవ్వుతూ క్వారీలో జరిగిందంతా చెప్పాడు. వింటూ వింటూ ఆమె శశాంక్ వైపు చూసింది. శశాంక్ గిన్నెలోకి చూస్తున్నాడు. ఆ బండికి ఆమె ఒక్కసారి కూడా బంకు మొహం చూపించలేదు. ఆ ముక్క ఇప్పుడు అంటే చాలు, అక్కడే అతని పరువు గంగలో కలిసేది.

"తెల్వక పోయించిన తమ్మీ," అంది సుభాషిణి, మామూలు గొంతుతోనే. "అన్ని బండ్లు ఒక్కతీర్గనే ఉంటయనుకున్న."

అందరూ నవ్వారు. నుస్రత్ కూడా నవ్వి, "ఫికర్ చేయకు అక్కా, నాకైతే ఇంజన్ ముందుంటదో వెనకుంటదో కూడా తెల్వది," అని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. శశాంక్ గిన్నె పక్కన పెట్టేశాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. అందరిలో కడిగేసి ఉంటే బాగుండేది. తన అబద్ధాన్ని ఆమె ఎత్తుకుని మోస్తుంటే, పక్కన కూర్చుని చూడటం కంటే సిగ్గు మరొకటి లేదనిపించింది.

ఇద్దరూ బండిలో ఇంటిదారి పట్టారు. కాశిబుగ్గ దాటాక ఆమె అంది.

"పెట్రోల్ బండికి ఎనిమిది నెలలు ఆగాల్నన్నరు కదా. మీరు బుక్ చేసిన రోజే షోరూం పిల్ల నాకు ఫోన్ చేసింది. 'పెట్రోల్ది రెడీగ ఉన్నది మేడం, సార్ మనసు మార్చుకుంటే చెప్పుండ్రి,' అన్నది."

శశాంక్ బండి వేగం తగ్గించాడు. "మరి... అప్పుడే ఎందుకు అడగలే?"

"మీరే చెప్తరేమోనని చూసిన."

ఆ తర్వాత ఆమె ఆ బండి ఎక్కడం మానేసింది. రైలు తప్పితే బస్సుకు వెళ్లేది. ఇంట్లో మాటలు మామూలుగానే ఉన్నాయి, అన్నం వేళకు అన్నం, నవ్వాల్సినచోట నవ్వు. శశాంక్ మాత్రం ఆమె కళ్లలోకి చూడలేకపోయేవాడు. ఒక సాయంత్రం పెద్దవాన పడి రైళ్లు ఆగితే, ఆమెను తీసుకురావడానికి నెక్కొండ కాలేజీకి వెళ్లాడు. వరండాలో నిలబడ్డ ఒక లెక్చరర్, సాయితేజకు ఏదో వరస చుట్టమట, బండిని చూసి నవ్వాడు.

"మేడం, సార్ బండిల డీజిలే ఉన్నదా? చూసి ఎక్కుండ్రి!"

పక్కనున్న ఆడపిల్లలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నారు. సుభాషిణి ఆ మాట వినని దానిలా గొడుగు ముడిచి బండెక్కింది. అలా వినిపించుకోకపోవడం అలవాటైన మనిషిలా ఎక్కింది. అంటే ఇది ఇవాళ్టిది కాదు. శశాంక్‌కు తల కొట్టేసినట్టయింది.

మళ్లీ వచ్చిన ఆదివారం క్వారీలో, అందరూ ఉన్నప్పుడే చెప్పాడు. "ఆ రోజు పెట్రోల్ పోయించింది నేను. మా ఇంటామెకు ఏ సంబంధం లేదు. నవ్వుతరని ఆమె పేరు చెప్పిన."

సాయితేజ ముందు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు. అబ్బాస్ శశాంక్ దగ్గరికి వచ్చాడు.

"నా ఇంట్ల, నా దస్తర్‌ఖాన్ ముందల కూసొని, నా అన్నం తినుకుంట గూడ ఊకున్నవు భాయ్," అన్నాడు. "నుస్రత్‌కు నేనేం చెప్పాలె?"

వాళ్లు బండ్లెక్కి బురదలోకి దిగితే శశాంక్ వెనక్కి తిరిగి వచ్చేశాడు. అయినా గుండెలోంచి ఏదో దించుకున్నట్టే ఉంది. ఆ తేలికతోనే ఇంట్లోకి అడుగుపెట్టాడు. సుభాషిణి కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"ఇయ్యాల అందరికీ చెప్పేసిన. నిజం చెప్పేసిన," అన్నాడు.

"మంచిది," అంది తలెత్తకుండా. తర్వాత పెన్ను మూత పెట్టింది. "అందరికీ చెప్పిండ్రు. నాకు చెప్పిండ్రా?"

శశాంక్‌కు అప్పుడు తట్టింది. నిజమే. అబ్బాస్ ఇంటి దావత్ నుంచి వచ్చిన రోజు కూడా ఆమే మాట్లాడింది, తను విన్నాడు. ఈ ఉదయం కూడా పరుగెత్తుకెళ్లింది ఆ మగవాళ్ల దగ్గరికే. అక్కడ ఆడిన అబద్ధం అక్కడే సరిచేసుకోవాలని వెళ్లాడు తప్ప, ముందు ఈమెకు చెప్పాలని తోచలేదు.

కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. పెట్రోల్ బండి తనకూ నచ్చిందని, సాయితేజ నవ్వితే భయపడ్డానని, ఆ రోజు షోరూం గురించి, బంకు గురించి, క్వారీ గురించి వరసగా చెప్పాడు. దొంగతనం చేసి దొరికిన పిల్లాడు ఒప్పుకున్నట్టు, మాట మాటకు ఆగుతూ. "తప్పయింది సుభా," అన్నాడు ఆఖరికి.

ఆమె ఓదార్చలేదు. "గంత చిన్నదానికి," అంది. "పెట్రోల్ పోసిన అంటే ఒక పూట నవ్వుతుండ్రి. గంతే కదా."

"రేపు నీ కాలేజీకొచ్చి నేనే చెప్త."

"వద్దు. మీరొస్తే మల్ల మీ ముచ్చటే అయితది. అది నేను చెప్పుకుంట. రేపు నాకు బండి కావాలె."

మర్నాడు పొద్దున ఆమె బండి తీసుకుని వెళ్లింది. దుకాణంలో శశాంక్‌కు ఆ రోజు కాలు నిలవలేదు. రంగు డబ్బా కోసం వచ్చిన ప్రతి మనిషీ తన సంగతి తెలిసే వచ్చినట్టనిపించింది. తెలుపు అడిగినవాళ్లకు క్రీమ్ కలర్ ఇచ్చి, తిరిగి మార్చి ఇచ్చాడు.

సాయంత్రం ఇంటి ముందు డీజిల్ చప్పుడు వినపడగానే బయటికొచ్చాడు. సుభాషిణి బండి దిగింది.

"ఏమన్నరు?" అని అడిగాడు.

"నవ్విండ్రు."

"నా మీదనా?"

"మీ మీద కాక ఇగ ఎవల మీద?" అంటూ ఆమె చెప్పులు విడిచి లోపలికి నడిచింది. శశాంక్ వెనక సీట్లోని ఆమె పేపర్ల కట్ట తీసుకుని, తల వంచుకునే, ఆమె వెంట వెళ్లాడు.