నిలబడొద్దనలేదుగా

గిన్నెలు తోమేటప్పుడు వాకర్‌ను గోడకు ఆనించి, విరిగిన కాలిని చిన్న స్టూలు మీద పెట్టి, ఒంటికాలి మీద నిలబడేదాన్ని. కాసేపటికి మంచి కాలు లాగేసేది. అప్పుడు విరిగినదాని మీదికి మారేదాన్ని.

ఉతికిన బట్టల బకెట్‌తో మెట్ల మీద జారినప్పుడు మోకాలి కింద ముందువైపు ఎముక విరిగింది. లోపల రాడ్డు వేసి, నడవొద్దని చెప్పి పంపారు. "నడవొద్దన్నారు గానీ నిలబడొద్దనలేదుగా?" అంది అత్తగారు. "ఎలాగూ ఆఫీసుకి సెలవే. ఊరికే కూర్చుంటే నీకే తోచదు" అన్నాడు మా ఆయన. నాకు తోచదేమోనన్న బెంగ ఆయనకు పెళ్లయినప్పటి నుంచీ ఉంది.

ఇవాళ డాక్టర్‌గారు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, ఎముకలో నల్లటి సందు చూపించారు. నెలలు గడిచినా అతకలేదట. చివర్లు కదులుతూ ఉంటే అతకదట. మళ్లీ తెరిచి, సందులో పేరుకున్న మెత్తటి పదార్థం తీసేసి, ఎముక చివర్లను రక్తం చిమ్మేదాకా గీకుతారట. తుంటి దగ్గర కొంచెం ఎముక తీసి అక్కడ నింపి, ఇంకాస్త లావు రాడ్డు వేస్తారట. నా ఒంట్లోంచి తీసుకోవడానికి ఇంకా ఏదో మిగిలి ఉందని విని నవ్వొచ్చింది.

"ఈసారీ అతక్కపోతే?" అని అడిగాను.

"ఊతం లేకుండా ఎప్పటికీ నడవలేకపోవచ్చమ్మా. మేం చెప్పేదాకా బరువు మోపనే కూడదు. ఇదివరకు గానీ మోపారా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "అబ్బే, లేదండీ. కాలు కింద పెట్టనిస్తేగా మేము!"

ఆయన అబద్ధమాడుతున్నట్టు కూడా లేడు. రోజూ తోమిన గిన్నెలు చూశాడు గానీ, తోముతున్న నన్ను చూడలేదు. ఇంటి పనులు వాటంతటవే అయిపోతాయని నమ్మే మనిషికి, ఆ పనులు నేను విరిగిన కాలి మీద నిలబడితేనే అయ్యాయని ఎలా తెలుస్తుంది? కోపం వచ్చింది. కోపం కన్నా భయం ఎక్కువ వేసింది. ఈ కాలితో జీవితాంతం బతకాల్సింది నేను. తుంటి ఎముక తెచ్చి నింపినా, మళ్లీ ఆ వంటింట్లోకే వెళితే అది అతకదని నాకు తెలుసు.

డాక్టర్‌గారు పెన్ను తీశారు. "ఆపరేషన్ తర్వాత చూసుకోవడానికి ఇంట్లో మనుషులున్నారా? ఎవరూ లేనివాళ్లు కోలుకునేదాకా ఉండటానికి పక్కనే వార్డుంది."

"మాకు అవసరం లేదండీ," అన్నాడు మా ఆయన, కాస్త నొచ్చుకున్నట్టుగా. "నేను, అమ్మ, నాన్న, తమ్ముడు. ఇంట్లో నలుగురం ఉన్నాం."

"అందుకేనండీ," అన్నాను డాక్టర్‌గారితో. "ఆ వార్డులో నాకో మంచం ఇప్పించండి."