సమాధుల తోట మొక్కలు

బడిలో పాఠాలు చెప్పి వచ్చి చెప్పులు విడవకముందే పుష్పలత బిందె అందుకుంది. పన్నెండు గులాబీలకి పన్నెండు బిందెలు. మలికిపురం దగ్గర ఆ ఊళ్లో ఎండలు ముదిరేసరికి నూతినీళ్లు ఉప్పగా తయారవుతాయి. అవి పోస్తే గులాబీలకి ఆకులు మాడిపోతాయి. అందుకని కాలువ దాకా నడవాలి. వేసవికి కాలువలో నీళ్లు కట్టేశాక చెరువు దాకా, ఇంకాస్త దూరం.

ఆ గులాబీలు కడియం నర్సరీల నుంచి తెచ్చింది భర్త వరప్రసాదం. తేవడంతో అతని పని అయిపోయింది. "ఇంటికో అందం ఉండాలి పుష్పా" అన్నాడు గాని, ఆ అందాన్ని చంకనెత్తుకుని మోసేదెవరో అనలేదు. ప్రార్థన కూటానికి వచ్చినవాళ్లు "తోట ఎంత బాగా పెంచేరండీ!" అంటే, "ఆయ్, ఏదో ఓపిక చేసుకుంటున్నానండి" అనేవాడు. లోపల టీ కాస్తున్న పుష్పలతకి ఒళ్లు మండిపోయేది. ఎవరి ఓపిక?

కిందటేడు ప్రైవేటుగా రాసిన బి.ఏ.లో ఇంగ్లీషు పేపరు నాలుగు మార్కుల్లో పోయింది. "పిల్లల్ని కన్నాక బుర్ర అంతేలే" అని నవ్వాడతను. బుర్రకేం, భేషుగ్గా ఉంది. లేనిదల్లా సాయంత్రం గంటన్నర. దాన్ని గులాబీలు తాగేశాయి. మళ్లీ మేలో పరీక్ష. "ఈసారీ తప్పేవంటే పుస్తకాలు అటకెక్కించెయ్" అని ముందే చెప్పేశాడు.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో, అత్తగారు సూరమ్మ పక్కన నిలబడి పాట పాడుతున్న పుష్పలత మధ్యలో ఆగిపోయింది. మామగారి సమాధి చుట్టూ బిళ్ళగన్నేరు విరగబూసి ఉంది.

"వీటికి నీళ్లెవరు పోస్తున్నారండీ అత్తయ్యగారూ?"

"ఎవరు పోస్తారమ్మా? కిందటి ఈస్టరుకి నాటేను, మళ్లీ ఇవాళే వచ్చేను." సూరమ్మ కోడలి నడుం మీద బిందె ఒరుసుకున్న మచ్చ కేసి చూసింది. "కింద బోలెడు నారు మొలిచింది. పీక్కో."

ఆ వారమంతా పుష్పలత నీళ్లడగని మొక్కల్నే ఏరింది. సెలవురోజున వరప్రసాదం బయటికెళ్లగానే అన్నీ నాటేసింది: ప్రహరీ వార ఎర్ర గన్నేరు, గేటు పక్కన కాగితంపూలు, మధ్యలో బిళ్ళగన్నేరు. తడి పట్టి ఉంచుతాయని గోతుల్లో పీచున్న కొబ్బరి డొక్కలు పరిచింది. రెండు గులాబీల్ని మంచినీళ్లతో బియ్యం కడిగి పారబోసే చోటికి మార్చింది. వాటి మీద తనకేం పగ లేదు. మిగతావి ఐనవిల్లిలో ఆడపడుచుకి పంపించేసింది, అక్కడ నూతినీళ్లు తియ్యగా ఉంటాయి.

ఆ సాయంత్రం తిరిగొచ్చిన వరప్రసాదం గేటు దగ్గరే నిలబడిపోయాడు.

"సమాధుల తోట మొక్కలు ఇంటిముందా? మతిపోయిందా నీకు? కూటానికొచ్చినవాళ్లు ఏమనుకుంటారు?"

పుష్పలత అరుగు మీద అతని పడక్కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో ఇంగ్లీషు పుస్తకం. అతన్ని చూసి లేవలేదు.

"అక్కడ పడుకున్నవాళ్లు ఎవరికీ నీళ్లు మొయ్యరండి. ఆ తీరిక నాకు బతికుండగానే కావాలి."

అతను నోరు తెరిచేలోపే లోపలి నుంచి సూరమ్మ గొంతు వినిపించింది.

"ఆయ్, నాక్కూడానూ."