ఇనుపరాయుడి వేషం

ఎల్లారెడ్డిలో గాజుల నర్సింహులు గొంతు తెలియని ఇల్లు లేదు. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకొని ఊరి ఈ కొసన కేక వేశాడంటే, ఆ కొసన చల్ల చిలికే ఆడవాళ్లు కవ్వం ఆపి చేతులు కడుక్కునేవారు. మనిషి తలుపంత ఉంటాడు. ఏ ఇంటికి పోయినా నడుము వంచి గడప దాటాల్సిందే. అంతటి మనిషీ అరుగు మీద కూర్చుని, ఆడపిల్ల చెయ్యి పట్టుకొని, బొటనవేలి కింది ఎముకను మెల్లగా లోపలికి ఒత్తుతూ, "మీ ఆవు ఈనిందా బిడ్డా? కోడెనా, పెయ్యనా?" అని అడుగుతుండగానే ఎంత ఇరుకు గాజైనా మణికట్టు దాటిపోయేది. ముప్పయ్యేళ్లలో ఆయన చేతిలో ఏడ్చిన పిల్ల లేదని భార్య మంగవ్వ నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. ఇంట్లో మాత్రం, "గంత గొంతు పెట్టుకొని పక్కింటి కోడిని గూడ అదిలియ్యరాదు నీకు" అని సణిగేది.

అలాంటి నర్సింహులుకు 1939 వేసవిలో దుర్మార్గుడి వేషం వచ్చింది.

తెచ్చినవాడు మిషన్ బడి పంతులు స్వామిదాసు. ఆయన ఆ యేడు ఒక నాటకం రాశాడు. అందులో ఇనుపరాయుడని ఒక రాజు. ఎవరినీ నమ్మడు. నిద్రలో కూడా ఇనుప కవచం విప్పడు. తన రాజ్యంలో తన ఇనుము చప్పుడు తప్ప ఇంకో చప్పుడు వినపడకూడదని, ఆడవాళ్ల చేతి గాజులన్నీ పగలగొట్టమని చాటింపు వేయిస్తాడు. ఒక కుమ్మరి పిల్ల ఎదురు తిరిగితే ఆ పిల్ల గాజులు స్వయంగా తానే పగలగొడతాడు. పిల్ల అన్న కత్తి పట్టుకొని వచ్చి రాజును చంపుతాడు. అదీ కథ.

కుమ్మరి పిల్ల వేషానికి దర్జీ బాలయ్య మీసం తీయించుకోవడానికి సిద్ధపడ్డాడు. అన్న వేషానికి మైసన్న అనే బక్కపలుచని రైతు ముందుకొచ్చాడు. రాజు వేషానికే ఎవరూ దొరకలేదు.

"నువ్వే కట్టాలె అన్నా," అని స్వామిదాసు నర్సింహులును పట్టుకున్నాడు. "నీ గొంతు అంగడి మొత్తం ఇనపడ్తది."

"నాతోని ఏమయితది పంతులూ? నేను గాజులు తొడిగేటోన్ని. పగలగొట్టుడు నాకెట్లొస్తది?"

కానీ లాంతర్లకూ బొక్కెనలకూ మాట్లు వేసే ఏసయ్య అప్పటికే కవచం తయారుచేసి పెట్టాడు. కిరసనాయిలు డబ్బాలు కోసి, సుత్తితో వంచి, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి కుట్టి, దీపం మసి ఆముదంలో కలిపి రుద్దాడు. పాత బొక్కెనను బోర్లించి, కళ్లకు రెండు కంతలు పెట్టి, పైన ఎద్దు కొమ్ములు బిగించి కిరీటం చేశాడు. నర్సింహులు ఊరికే చూద్దామని వెళ్లి, ఊరికే ఒకసారి తొడిగి, ఏసయ్య ఇంటిముందు కుడితి తొట్టిలో తన నీడ చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"నాకు మంచిగ సరిపోయింది గదనే," అన్నాడు ఇంటికి వచ్చి.

"గంగిరెద్దుకు బొంత సరిపోయినట్టు," అంది మంగవ్వ.

సాధన బడి వెనక మొదలైంది. మొదటిరోజే స్వామిదాసు తల పట్టుకున్నాడు. కుమ్మరి పిల్ల చెయ్యి పట్టి గుంజే చోట నర్సింహులు బాలయ్య చెయ్యి అందుకొని, అలవాటు కొద్దీ వేళ్లన్నీ దగ్గరికి చేర్చి, ఎముక ఒత్తి, గాజులు ఒక్కొక్కటే మెల్లగా జార్చి తీసి, కింద గుడ్డ మీద పెట్టాడు. పైగా "నొస్తున్నదా?" అని అడిగాడు.

"అన్నా, నువ్వు రాజువు!" అని అరిచాడు స్వామిదాసు. "నీకు కోపం రావాలె!"

"ఎవరి మీద?"

"ఈ పిల్ల మీద!"

నర్సింహులు బాలయ్యను ఎగాదిగా చూశాడు. "మొన్ననే నాకు బనీను కుట్టిచ్చిండు పాపం. ఎట్లొస్తది కోపం?"

ఇరవై రోజులు గడిచినా కోపం రాలేదు. ఠాణా అమీన్ సాబు నాటకానికి అనుమతి ఇచ్చాడు గానీ, పొద్దు గూకేలోపు ముగించాలని షరతు పెట్టాడు. అందుకని వారపు అంగడి రోజు మిట్టమధ్యాహ్నం దాటగానే, అంగట్లో కట్టిన మంచె మీద తెర తీశారు. వైశాఖ మాసపు ఎండ. డబ్బా రేకులు కాగి పెనమయ్యాయి. చంక కింద ఒక రేకు అంచును ఏసయ్య మడవడం మరిచాడు. నర్సింహులు చెయ్యి ఎత్తినప్పుడల్లా అది గీరుతోంది. బొక్కెనలో చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకుందామంటే చెయ్యి దూరదు. కుమ్మరి పిల్ల వచ్చేసరికి ఇరవై రోజులుగా రాని కోపం ఆయనకు ఒక్కసారిగా వచ్చింది.

"ఎవతివే నువ్వు?" అని గర్జించాడు. అంగడిలో కట్టేసిన ఎడ్లు పలుపులు తెంపుకోబోయాయి. బాలయ్య నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాడు. రాజు అతని చెయ్యి పట్టి లాగి మంచె గుంజకు కొట్టాడు. గాజులు ఛళ్లున పగిలి ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్ల ఒళ్లో పడ్డాయి.

అశుభమని గాజు పగిలిందన్న మాట కూడా నోటితో అనని ఆడవాళ్లు వాళ్లు.

అప్పుడు లేచింది చంద్రవ్వ. డెబ్బై ఏళ్ల ముసలమ్మ. చేతికర్రతో మంచె ఎక్కింది. ఎక్కి కవచం మీద ఒక్కటి వేసింది. ఖంగుమంది.

"నర్సింహులూ! నా పెద్ద బిడ్డకు తొడిగినవు, నా చిన్న బిడ్డకు తొడిగినవు. ఇయ్యాల నీకేం పుట్టిందిరా?"

"అవ్వా, నాటకమవ్వా," అని బొక్కెనలోంచి గొణిగాడు ఇనుపరాయుడు.

"నాటకమైతే గాజులు పగులగొడ్తవా? ఆ బొక్కెన తియ్. మొకం చూడనీ."

బొక్కెన తీయడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. స్వామిదాసు వచ్చి చేతులు జోడించాడు. చంద్రవ్వ కొడుకు వచ్చి బతిమిలాడాడు. ఆమెను కిందికి దింపి, కల్లు గుటకేయించి, బొక్కెన మళ్లీ బిగించేసరికి పొద్దు కొండ మీద కూర్చుంది. రాజు గద్దె ఎక్కి పకపకా నవ్వుతున్నాడు, మైసన్న కత్తితో తెర పక్కన సిద్ధంగా ఉన్నాడు. ఇంతలో ఠాణా జవాను వచ్చి, "బస్, టైం అయిపోయింది" అని తెర తాడు కోసేశాడు.

జనం ఇళ్లకు పోయారు. నర్సింహులు మాత్రం ఆ రాత్రి చంకకు వెన్న రాసుకుంటూ కూడా మురిసిపోయాడు. అంగడంతా తనకు భయపడింది గదా.

మర్నాడు గంప ఎత్తుకొని బయలుదేరాడు. మొదటి వాడలో పిల్లలు అమ్మల కొంగుల వెనక దాక్కున్నారు. రెండో వాడలో ఆడవాళ్లు నవ్వుతూనే, "అమ్మో, ఇనుపరాయుడు! చేతులు దాచుకోండ్రే!" అని తలుపులు వేసుకున్నారు. నవ్వారు గదా, రేపటికి మామూలైపోతుంది అనుకున్నాడు. వారం గడిచింది. నవ్వులు తగ్గాయి, తలుపులు మాత్రం తెరుచుకోలేదు.

రెండు కోసుల దూరంలో రామవ్వ ఇల్లుంది. భూములున్న ఇల్లు. ఆమె కూతురు భూమక్కకు పెండ్లి కుదిరింది. ఆ ఇంట్లో పెండ్లి గాజులు తొడిగింది మొదట నర్సింహులు తాత, తరువాత తండ్రి, తరువాత తాను. కబురు రాకపోయేసరికి తానే వెళ్లాడు. రామవ్వ మంచినీళ్లిచ్చింది, చాప వేసింది, కళ్లెత్తి మాత్రం చూడలేదు.

"కోపమేం లేదు నర్సింహులూ. నాటకమని నాకు తెల్వదా? గాని మనసొప్పుతలేదు. గా పిల్ల గాజుల సప్పుడు ఇంకా చెవులల్లనే ఉన్నది. గాడు గద్దె మీద కూసొని నవ్వుతుండంగనె మేం ఇండ్లకొచ్చినం. గా చేతులతోని భూమక్కకు లగ్గం గాజులు ఎట్ల తొడిగియ్యాలె? బాన్సువాడ గాజులాయనకు చెప్పి పంపినం."

"గది కుమ్మరి పిల్ల కాదు రామవ్వా, మన దర్జీ బాలయ్య! ఇంటికి పోయి సక్కగ జొన్న రొట్టె తిన్నడు."

"తెలుసు," అంది రామవ్వ. చాప మీద గీతలు గీస్తూ కూర్చుంది.

ఆ రోజు నర్సింహులు ఇంటికి వచ్చి గంప మూల పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మంగవ్వ ఎగతాళి చేయకుండా పక్కన కూర్చుని విసనకర్ర ఊపింది. అది చూశాక విషయం ఎంత ముదిరిందో ఆయనకు బాగా అర్థమైంది.

తెల్లారి స్వామిదాసు దగ్గరికి పోయాడు. "పంతులూ, రాజును మంచిగ చెయ్యి. ఆఖరికి వాడు తప్పు తెలుసుకొని, ఊరి ఆడోళ్లందరికి తన చేతులతోనే గాజులు తొడుగుతడని రాయి."

స్వామిదాసు నొచ్చుకున్నాడు. "మూడు నెలలు కూసొని రాసిన అన్నా. గింత దుర్మార్గుడు గంతల్నే ఎట్ల మారుతడు? నువ్వు మారినవంటె ఎవరన్న నమ్ముతరా?"

"నేను ముందుగాల్నే మంచోన్ని గదా."

"నువ్వు కాదన్నా, వాడు!"

అప్పటికే కామారెడ్డి నుంచి పిలుపు వచ్చి ఉంది. ధాన్యం వర్తకులు కొందరు పందిరి వేయించి, దీపాలు పెట్టేవేళ దాకా అనుమతి కూడా తెచ్చి పెట్టారు. నర్సింహులు రానన్నాడు. కవచం కొలతకు ఇంకో మనిషి లేడని ఏసయ్య మొత్తుకుంటే, చివరికి ఒప్పుకున్నాడు. లోపల మాత్రం తన ఆలోచన తనకుంది. ఎవరికీ చెప్పలేదు. బండిలో ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా పెదవులు కదుపుతూనే ఉన్నాడు. పాఠం వల్లిస్తున్నాడనుకొని స్వామిదాసు సంతోషించాడు.

కామారెడ్డి పందిరి కిక్కిరిసింది. బీబీపేట నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చారు. ఏసయ్య ఈసారి రేకు అంచు మడిచాడు. నర్సింహులుకు కోపం ఏమీ లేదు గానీ, గొంతు ఒకసారి నేర్చుకున్న గర్జన మరచిపోలేదు. గాజులు పగిలాయి. ఆడవాళ్లు మెటికలు విరిచి తిట్టారు. మైసన్న కత్తి దూసి గద్దె ముందుకు దూకాడు.

అక్కడ ఇనుపరాయుడు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"తమ్ముడా," అన్నాడు, "నాకు బుద్ధొచ్చింది. ఇకమీదట ఈ రాజ్యంల ఆడబిడ్డలందరికి నేనే గాజులు తొడుగుత."

మైసన్న కత్తి గాలిలోనే ఆగిపోయింది. ఈ మాట అతని పాఠంలో లేదు. తెర వెనక స్వామిదాసు చేతిలోని కాగితాలు జారి పడ్డాయి. అంతలో వెనక వరుస నుంచి ఎవరో ముసలాయన లేచి అరిచాడు.

"గట్లెట్ల? సంపు వాన్ని!"

"సంపు! సంపు!" అని పందిరంతా అందుకుంది.

"నేను మంచోన్నయిన గదా!" అని బొక్కెన కంతల్లోంచి వేడుకున్నాడు నర్సింహులు.

"గిప్పుడా? పిల్ల గాజులు పలిగినంక?" అని ఒక ఆడమనిషి నిలదీసింది. ఎవరో తలపాగా విసిరారు. అది కొమ్ముకు తగులుకొని వేలాడింది. "చావన్నా, నీ కాళ్లు మొక్కుత!" అని తెర వెనక నుంచి స్వామిదాసు.

నర్సింహులు ముందు వరుస వైపు చూశాడు. అక్కడ రామవ్వ ఉంది. పెండ్లి బట్టలకు కామారెడ్డి వచ్చి, నాటకమని తెలిసి ఆగిపోయింది. బట్టల మూట పక్కన పెట్టి లేచి నిలబడి, రెండు చేతులూ ముందుకు చాపి, పిల్లాడిని బువ్వ తినమన్నట్టు బతిమిలాడుతోంది.

"నర్సింహులూ, జర చావయ్యా!"

అప్పటికి గానీ ఆయనకు వెలగలేదు. ఎల్లారెడ్డిలో ఇనుపరాయుడు చావలేదు. నెల రోజులుగా ఆ ఆడవాళ్లందరి మనసుల్లో వాడు గద్దె మీద కూర్చుని నవ్వుతూనే ఉన్నాడు.

నర్సింహులు లేచాడు. "వట్టిదే! మోసం! నాకు బుద్ధి రానే రాలే!" అని పందిరి అదిరేలా నవ్వి మైసన్న మీదికి దూకాడు. మైసన్న ప్రాణం లేచొచ్చినట్టు కత్తిని చంక సందులో గుచ్చాడు. ఇనుపరాయుడు ఒక చుట్టు తిరిగి పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు, మంచె ఆ మూల నుంచి ఈ మూలకు రేకులన్నీ గలగలలాడుతూ దొర్లాడు. జనం నిలబడి చప్పట్లు కొట్టారు. చాలక, "ఇంకోపారి సావు!" అన్నారు. ఇంకోసారి చచ్చాడు.

వేషం విప్పుతుండగా రామవ్వ తెర వెనక్కి వచ్చింది. ఎన్నాళ్లకో కళ్లెత్తి చూసింది.

"ఇప్పుడు పానం నిమ్మలమైంది. బేస్తారం పొద్దున్నె రా. ఎర్రగాజులు, పచ్చగాజులు రెండు తీరులవి తే."

కవచం సగం విప్పి ఉన్న నర్సింహులు "వస్త రామవ్వా" అంటూ తల ఊపితే రేకులన్నీ గలగలలాడాయి.

గురువారం వెళ్లేసరికి అరుగు మీద బాన్సువాడ గాజులాయన సాయన్న కూర్చుని ఉన్నాడు. ఆయనకు వద్దని చెప్పి పంపే సంగతి రామవ్వ పెండ్లి హడావిడిలో మరిచిపోయింది. ఇప్పుడు ఎవరినీ పొమ్మనలేక నాలుక కరుచుకుంది. పెండ్లిపిల్ల భూమక్కే తీర్పు చెప్పింది. "రెండు చేతులున్నయి గదనే అవ్వా. చెయ్యికొకరు తొడుగుతరు."

ఇద్దరూ చెరో పక్క కూర్చున్నారు. ఒకరు ఆవుల సంగతి అడిగితే ఒకరు బర్రెల సంగతి అడిగారు. ఒకరు ఇంకో గాజు ఎక్కిస్తే ఒకరు ఇంకో రెండు ఎక్కించారు. భూమక్క చేతులు మోచేతి దాకా నిండిపోయి, తలలో పువ్వు సర్దుకుందామన్నా వంగడం మానేశాయి. ఆమె పగలబడి నవ్వింది.

వరుసగా ఆడవాళ్లంతా కూర్చున్నారు. మధ్యాహ్నానికి రెండు గంపలూ తేలికయ్యాయి. విస్తళ్ల ముందు సాయన్న గొంతు తగ్గించి అన్నాడు.

"కామారెడ్డిల నేను గూడ చూసిన అన్నా. మంచిగ సచ్చినవు. గాని రెండోపారి పడ్డంక కాలు తన్నుకున్నవు సూడు, గది జరంత ఎక్కువైంది."

"మోకాలి కాడి రేకు గుచ్చుకున్నది," అన్నాడు నర్సింహులు కొంచెం ముఖం మాడ్చుకొని.

సాయన్న పప్పు ముద్ద కలుపుకున్నాడు. "మీ నాటకంల మంత్రి లేడు గదా. అసోంటి రాజుకు మంత్రి ఉండాలె. పంతులుకు ఓ మాట చెప్తవా?"

నర్సింహులు ముద్ద పక్కన పెట్టి సాయన్నను పైనుంచి కింది దాకా కొలిచాడు. "ఏదీ, ఒకపారి 'మహాప్రభో' అను."

సాయన్న విస్తరి ముందే లేచి నిలబడి, ఛాతీ నింపుకొని అన్నాడు. వడ్డిస్తున్న మనిషి చేతిలోని చారు గిన్నె జారింది.

"పనికొస్తవు. కూసో," అన్నాడు నర్సింహులు, తడిసిన పంచె దులుపుకుంటూ.