భవన నిధి

పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాట్లాడడం నేర్పే చిన్న సంస్థ అక్కది. అద్దెకు తీసుకున్న రెండు గదులు, ఇద్దరు టీచర్లు. అక్క హఠాత్తుగా పోయాక కమిటీవాళ్లు ఆ కుర్చీలో చెల్లెల్ని కూర్చోబెట్టారు. ఏళ్ల తరబడి బట్టల కొట్టు నడిపింది కనుక లెక్కలు తనకు కొట్టినపిండేననుకుంది ఆమె.

బ్యాలెన్స్ షీట్ చేతికి రాగానే ఆమెకు ప్రాణం లేచివచ్చింది. బ్యాంకులో అంత నిల్వ! మరి జీతాలు ఎందుకు ఆగిపోయాయి?

"నిల్వ చూసి మురిసిపోకండమ్మా," అన్నాడు ఆడిటర్. "ఎదురుగా చూడండి, భవన నిధి అని ఉంది. బ్యాంకులో ఉన్నదంతా దాదాపు అదే."

"మన దగ్గరున్నాక మనదే కదండీ?"

"మన దగ్గరున్నా మన ఇష్టానికి వాడేది కాదు. ఇచ్చినాయన కొత్త గదులకే అని రాసిచ్చారు. మీరు జీతాలకు వాడుకోగలిగేది ఆ కింద ఉన్న సాధారణ నిధి."

సాధారణ నిధి ముందు మైనస్ గుర్తు ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా "ఏం కాదులేవే, చూసుకుందాం" అని నవ్వేసిన అక్క గొంతు గుర్తొచ్చి చెల్లెలికి కళ్లు చెమర్చాయి. ఇంత బరువు ఒక్కతే మోసిందా?

దాత రాతపూర్వకంగా ఒప్పుకుంటే దారి ఉందని ఆడిటర్ చెప్పాడు. మర్నాడే ఆమె ఆ పెద్దాయన ఉంటున్న ఇరుకు వాటాకు వెళ్లింది.

ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. "మా అమ్మాయి మాట పోయాక మళ్లీ నన్ను నాన్నా అని పిలిచింది మీ గదిలోనేనమ్మా. పైనుంచి వాన కారుతోంది ఆరోజు."

"ఆ మాట నేర్పింది మా పెద్ద టీచరండీ. ఆవిడకే జీతం ఇవ్వలేకపోతున్నాను."

ఆయన తల వంచుకున్నాడు. "ఇల్లమ్మి ఇచ్చానమ్మా. మా అమ్మాయి పోయాక నాకు మిగిలిన కోరిక ఇదొక్కటే. మంచి గది కట్టి, తలుపు మీద దాని పేరు రాయించండి. ఇంకేం అడగొద్దు."

రాసి తెచ్చిన ఒప్పుకోలు కాగితం సంచిలోంచి తీయకుండానే ఆమె లేచింది.

నెలాఖరుకు పెద్ద టీచర్ ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళ్లిపోయింది. ఆఖరి రోజు పాఠం అయ్యాక మాజీ బస్సు డ్రైవర్ ఒకాయన కుర్చీలోంచి లేవకుండా, పెదాలు కష్టంగా కదిపి, "రే... పు?" అన్నాడు. వారాల తరబడి నేర్చుకున్న మాట అది. టీచర్ ఆయన చెయ్యి పట్టుకుంది. గుమ్మంలో నిలబడ్డ చెల్లెలు పమిట నోటికి అడ్డం పెట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది.

మరుసటి ఏడాది కొత్త భవనం తెరిచారు. తలుపు మీది పేరును పెద్దాయన తువ్వాలుతో తుడిచి, కాసేపు అరచేయి దానిమీదే ఉంచాడు. నాలుగు గదులు, మిగిలింది ఒక్క టీచర్. చెల్లెలు పొద్దున్నే వచ్చి, పాఠాల్లేని గదుల్లో కూడా కిటికీలు తెరుస్తుంది. మళ్లీ ఎప్పుడు రమ్మంటారని డ్రైవర్ భార్య అడిగినప్పుడు, "ఇంకో టీచర్ జీతానికి ఎవరైనా డబ్బిస్తే కబురు చేస్తానమ్మా," అని ఉన్నమాటే చెప్పింది.