కొత్త సెట్టులో రేవతి

నగరిలో మగ్గాల వీధివాళ్ళకు కరెంటు పోతేనే ఒకరి గొంతు ఒకరికి వినపడేది. మిగతా వేళల్లో వీధి పొడవునా మరమగ్గాలు టకాటకా కొట్టుకుంటూ ఉండేవి. ఆ చప్పుడులో పుట్టిన పిల్లలు, ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకోవడం నడకతోపాటే నేర్చుకునేవాళ్ళు. ఆ చప్పుడు మగవాళ్ళకు ఇంకో ఉపకారం చేసేది. లోపల ఎవరు ఎవరిని కొట్టినా పక్కింటికి వినపడదు. పక్కింటివాళ్ళకూ అది సౌకర్యమే. వినపడి ఉంటే వచ్చి అడిగేవాళ్ళమని తర్వాత ఎప్పుడైనా చెప్పుకోవచ్చు.

మోనికకు పన్నెండేళ్ళు. బడి నుంచి రాగానే సంచి గోడకు తగిలించి, మిషను ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేది. సాయంత్రం కరెంటు కోత మొదలై మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతే, చేతులకంటుకున్న పీచు దులుపుకుని, కార్డుల కట్ట తీసుకుని ఎదురుగా ఉన్న దామోదరం అంగడి అరుగు మీదికి పరిగెత్తేది.

ఆ అంగట్లో బబుల్‌గమ్ పొట్లాలతో కార్డులు వచ్చేవి. మొదటి సెట్టు నిండా కుస్తీవాళ్ళే. కేబుల్ టీవీలో చెడ్డీలు వేసుకుని అరిచే పరదేశపు మగవాళ్ళు. బొమ్మ కింద అయిదు వరసలు ఉండేవి. ఎత్తు, బరువు, ఛాతీ, పోరాటాలు, గెలిచినవి. ఆట చిన్నది. ఇద్దరూ తమ కట్టలో పైకార్డు తీస్తారు. వంతు ఉన్నవాళ్ళు తమ కార్డులో గట్టిగా ఉన్న వరస పేరు చెబుతారు. ఆ వరసలో ఎవరి అంకె పెద్దదైతే రెండు కార్డులూ వాళ్ళవి, మళ్ళీ వంతూ వాళ్ళదే. నోట్లోంచి ఒకసారి వచ్చిన వరస వెనక్కి పోదు. ఈ నియమం మాత్రం పిల్లలు ప్రాణం పోయినా తప్పేవాళ్ళు కాదు.

కొత్త సెట్టు మాఘమాసంలో వచ్చింది. మొదటి పొట్లం చించిన పిల్లవాడికి అందులో వాళ్ళ నాయన గిరిప్రసాద్ వచ్చాడు. గళ్ళ లుంగీ, బనీను, చెవి మీద బీడీ. రెండో పొట్లంలో పక్కింటి ధనంజయ. మూడోదాంట్లో అంగడి దామోదరమే. అయిదు వరసలూ పాతవే. వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. కొత్త సెట్టు అన్నాక కొత్త మొహాలుంటాయి. గిరిప్రసాద్ మాత్రం అంగడి ముందుకొచ్చి గొడవపెట్టుకున్నాడు.

“నా ఛాతీ ముప్పై రెండా? ఎవుడబ్బా కొలిసింది?”

“కంపినీవోళ్ళప్పా. నేనేమన్నా టేపు తీసుకోని వచ్చినానా?” అన్నాడు దామోదరం. “నన్ను సూడు. పొట్ట గూడా ఛాతీలోనే కలిపేసినారు.”

ఆ సాయంత్రమే గిరిప్రసాద్ కొడుకు ఆ కార్డును ధనంజయ కూతురికి పోగొట్టుకున్నాడు. గిరిప్రసాద్ తువ్వాలు భుజాన వేసుకుని ధనంజయ ఇంటికి పోయి, అక్కడే తిని, పొద్దున లేచి అక్కడి మగ్గమే నేశాడు. కార్డు ఎవరిదైతే మనిషి ఆ ఇంటివాడు. దాన్ని ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు. అతను లేనన్నాళ్ళూ అతని భార్య తెల్లారేదాకా కదలకుండా నిద్రపోయింది. కొడుకు కష్టపడి నాయనను తిరిగి గెలుచుకొచ్చిన పూట ఆ పిల్లవాడికి ఆమె అన్నం పెట్టలేదని వీధిలో చెప్పుకున్నారు.

మగవాళ్ళు పోయి వస్తుంటే అది నవ్వులాట. పొట్లాల్లో ఆడవాళ్ళు రావడం మొదలయ్యాక మొగుళ్ళకు భయం పట్టుకుంది. వంట ఎవరు చేస్తారు? పెండ్లాల కార్డులు బీరువాల్లో పెట్టి తాళాలు వేశారు. గురివింద గింజంత బంగారం లేని ఇళ్ళల్లో కూడా ఆ నెల బీరువాలకు తాళాలు పడ్డాయి.

తాళం వేయనివాడు ఢిల్లీబాబు ఒక్కడే. మోనిక నాయన. రేవతి కార్డు మోనిక చించిన పొట్లంలోనే వచ్చింది. నైటీ మీద తువ్వాలు కప్పుకుని, పక్కకు చూస్తున్న అమ్మ. ఎత్తు తక్కువ. బరువు మరీ తక్కువ. పోరాటాలు 1290. గెలిచినవి సున్నా.

ఢిల్లీబాబు కార్డును వెలుతురుకు పట్టి చూశాడు.

“ఇంత అంకె ఇంగెవురికన్నా ఉండాదా మే?”

“లేదు నాయనా. కుస్తీవోళ్ళకి గూడా లేదు.”

“ఐతే ఆడు తల్లీ.”

అతను మోనికను తల్లీ అని పిలవడం అదే మొదలు. ఆ మాట కోసం మోనిక ఆడింది. కట్ట పైకి అమ్మ వస్తే చాలు, “పోరాటాలు” అని అరిచేది. ఎదుటి కార్డు వచ్చి ఒళ్ళో పడేది. ధనంజయ వచ్చాడు. వెనక వీధి యోగానంద వచ్చాడు. గిరిప్రసాద్ ఈసారి ఇటు వచ్చాడు. ముగ్గురూ ఢిల్లీబాబు మగ్గాల మీద కూలి లేకుండా నేశారు. మూడు పూటలా ముగ్గురికీ రేవతి వండింది. యోగానంద చారులో పులుపు చాల్లేదనేవాడు.

ఆటలు గెలిపిస్తున్న కార్డు బలం తగ్గకూడదు కదా. ఢిల్లీబాబుకు ఆ పట్టింపు ఉంది. మగ్గానికి నూనె వేసినంత శ్రద్ధగా వేళకు చెయ్యి చేసుకునేవాడు. పొద్దున చూస్తే కార్డు మీద అంకె ఒకటి పెరిగి ఉండేది. వెనక వీధిలో ఎవరి పెండ్లానికో అంకె వెయ్యి దాటిందని గిరిప్రసాద్ తింటూ తింటూ చెప్పిన రోజు, ఢిల్లీబాబు విస్తరి ముందు నుంచి లేచాడు. ఆ పొద్దు రెండు పెరిగింది.

ఢిల్లీబాబు తల్లి చంద్రకాంతమ్మ గోడకు ఆనుకుని తెగిన పోగులు ముడేస్తూ కూర్చుని ఉండేది.

“ఏం పెద్ద అంకె లేరా,” అంది ఒకసారి. “మా కాలంలో కార్డుల్లేవు గానీ, ఉండింటేనా, నీ పెండ్లాం నా కాలి గోటికి చాలదు. మీ నాయన నీ మాదిరి రోజుకొకటి అనే మనిషి కాదు.”

గొప్పగానే అంది. అని, పోగు పంటితో కొరికింది.

ఒక మధ్యాహ్నం మగ్గాలు జోరుగా ఆడుతున్నాయి. మోనిక కండెలు చుడుతూ తలెత్తింది. వంటింటి గడపలో నాయన చెయ్యి లేచింది. అమ్మ పెదాలు “వద్దు” అన్నాయి. ‘ఒకటి పెరిగింది’ అనుకుంది మోనిక. అనుకున్నది తనేనని ఒక క్షణం తర్వాత తెలిసింది. వేలు మిషనులో పడబోయి తప్పింది.

ఆ సాయంత్రం కోత వేళ మోనిక ఆడటానికి పోలేదు. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే పక్కన కూర్చుంది.

“అమ్మా, నిన్ను పోగొట్టేస్తే?”

“నీ చేత కాదులే. అంత పెద్ద కార్డు.”

“చేతనైతే?”

రేవతి చాట కుదిపింది. మళ్ళీ కుదిపింది. రాళ్ళేమీ లేవు.

“యాడికి?” అంది.

మోనిక తరగతిలో స్రవంతి అనే పిల్ల ఉంది. సొంతూరు గూడూరు. చదువుకోసం నగరిలో పెద్దమ్మ ఇంట్లో ఉంటోంది. ఆమె అమ్మ పెంచలమ్మ గూడూరు నిమ్మకాయల మండీలో కాయలు గ్రేడు చేసే పని చేస్తుంది. మొగుడు కొట్టడానికి వచ్చిన మొదటి రోజే నిమ్మకాయల తట్ట అతని నెత్తిన బోర్లించి, బయటికి తోసి, తలుపు గడియ పెట్టుకున్న మనిషి. కూతుర్ని చూడ్డానికి ఆమె నగరి వచ్చిన రోజే పొట్లంలో ఆమె కార్డు వచ్చింది. పోరాటాలు 1. గెలిచినవి 1. పిల్లలు పడీపడీ నవ్వారు. ఇంత నాసి కార్డు సెట్టు మొత్తంలో లేదన్నారు. స్రవంతి దాన్ని కంపాస్ బాక్సులో దాచుకుంది. ఎప్పుడూ ఆటకు పెట్టలేదు.

ఏప్రిల్‌లో బడికి సెలవులిచ్చారు. సాయంత్రం రైలుకు స్రవంతి ఊరికి పోతోంది. కరెంటు పోగానే మోనిక ఆమెను అరుగు మీదికి లాక్కొచ్చింది.

“ఒక్కాట. మీ అమ్మ కార్డు పెట్టు. నేను మా అమ్మది పెడతా.”

“నాకేమన్నా పిచ్చా? నువ్వు పోరాటాలంటావు. మా అమ్మ మీ నాయనకు కండెలు చుట్టాల.”

“అనను.”

“నీ మొగం. అందరితోనూ అదే అంటివి గదా.”

“వంతు నాదే గదా. నేనేమంటానో నా నోరు సూస్తా ఉండు,” అంది మోనిక.

స్రవంతి ఆమె మొహంలోకి చూసింది. అరుగు కింద సంచి పట్టుకుని పెద్దమ్మ తొందరపెడుతోంది. కంపాస్ బాక్సు తెరిచింది.

అంతలో ఢిల్లీబాబు బీడీ వెలిగించుకుంటూ వీధి దాటి వచ్చాడు. బోర్లించి ఉన్న రెండు కార్డులనూ చూశాడు. స్రవంతి వైపు నవ్వాడు.

“మీ యమ్మకు సేతులు బలే సురుకంట గదా పాపా. కాయలు ఏరినట్లు పోగులు గూడా ఏరతాదిలే. సెప్పు తల్లీ, సెప్పు.”

మోనిక అమ్మ కార్డు తిప్పింది. పోరాటాలు 1316. వీధవతల ఇంట్లో అమ్మ అంట్లు తోముతున్న శబ్దం వినపడుతోంది. కోత వేళ కాబట్టి వినపడుతోంది. పోతే రేపటి నుంచి ఈ శబ్దం ఉండదు. పోకపోతే 1317.

“గెలిచినవి,” అంది.

ఢిల్లీబాబు నోట్లో బీడీ అలాగే ఉండిపోయింది.

“ఏందీ?”

“సున్నా,” అంది మోనిక.

“ఒకటి,” అంది స్రవంతి, ఏడుపు గొంతుతో.

అంట్ల చప్పుడు ఆగింది. కాసేపటికి రేవతి చేతిసంచితో బయటికి వచ్చింది. నైటీ మార్చి చీర కట్టుకుంది. ఢిల్లీబాబు ఆమెను ఆపలేదు. వీధంతా చూస్తోంది, మరి కార్డుల్లో పోగొట్టుకున్న మనిషిని ఆపుకునేంత నామోషీ పని ఆ వీధిలో ఇంకోటి లేదు. పెండ్లాన్ని కొట్టడం నామోషీ కాదు. రేవతి కూతురి దగ్గర ఆగి, తల మీద చెయ్యి పెట్టబోయి, తడిగా ఉందని చీరకు తుడుచుకుంది.

“జడ గట్టిగా ఏసుకో. మిషనులో పడతాది,” అంది.

రైలు వేళకు కరెంటు వచ్చింది. మగ్గాలు మొదలయ్యాయి. ఆ చప్పుడులో ఢిల్లీబాబు లోపలికి వచ్చి తలుపు మూశాడు.

తెల్లారి అతను దామోదరం అంగట్లో పొట్లాలన్నీ కొని చించాడు. ఇంకో రేవతి రాలేదు. ఆఖరి పొట్లంలో మోనిక వచ్చింది. రెండు జడలు, వాచిన దవడ. పోరాటాలు 1. గెలిచినవి 1.

“జూన్‌లో ఆ పిల్ల వస్తాది గదా,” అన్నాడు. “అప్పటికి నీ కార్డుకు గూడా బలం తెస్తా.”

కార్డును ఇనప్పెట్టెలో పెట్టి, తాళంచెవి నడుం బెల్టుకు కట్టుకున్నాడు. చెప్పిన మాట ప్రకారం ఎండాకాలమంతా శ్రద్ధగా బలం తెచ్చాడు. వంట మోనికే చేసింది. చారులో పులుపు యోగానందకు ఇప్పుడు సరిపోయింది.

జూన్‌లో బడి తెరిచారు. వానలు పడి కరెంటు కోత ఎత్తేశారు. ఒక సాయంత్రం ఢిల్లీబాబు స్నానానికి పోయినప్పుడు చంద్రకాంతమ్మ లేచింది. కొక్కేనికి వేలాడుతున్న బెల్టు నుంచి తాళంచెవి విప్పింది, పెట్టె తెరిచింది, మళ్ళీ మూసింది, తాళంచెవి దాని చోట కట్టేసింది. వచ్చి మనవరాలి ఒళ్ళో కార్డు పడేసింది. మగ్గాల చప్పుడులో ఆమె పెదాలు మాత్రం కదిలాయి.

“నా కాలంలో నన్ను బయటికి తీసేవోళ్ళు లేకపోయినారు. పో.”

మోనిక వీధి దాటింది. అరుగు మీద స్రవంతి కూర్చుని ఉంది. ఎండకు కమిలిన చేతులు, నిమ్మకాయల వాసన. కంపాస్ బాక్సులోంచి రేవతి కార్డు తీసి చూపించింది. మోనిక ముందు అంకె చూసింది. 1316. ఏప్రిల్‌లో ఎంతుందో అంతే. వేలితో రుద్ది మళ్ళీ చూసింది. అంతే ఉంది.

తన కార్డు తీసి దానికి ఎదురుగా ఆటకు పెట్టింది. గెలిచినవి ఒకటి దగ్గరే ఆగిపోయి ఉంది. పోరాటాలు ఎంతో స్రవంతి చదివి, తల పక్కకు తిప్పుకుని, మళ్ళీ ఇటు తిప్పింది. పోయినసారి గెలిచింది స్రవంతి. వంతు ఆమెదే.

స్నానం చేసి వచ్చి మగ్గం ముందు నిలబడ్డ ఢిల్లీబాబుకు కిటికీలోంచి అరుగు కనపడింది. అరుగు మీద రెండు కార్డులు కనపడ్డాయి. స్రవంతి పెదాలు కనపడ్డాయి. అతనూ ఆ వీధిలో పుట్టినవాడే. అవి “పోరాటాలు” అన్నాయని అతనికి అర్థమైంది.

మగ్గం ఆపడం మరిచిపోయి అరిచాడు. మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. వీధి నిండా మగ్గాలు ఆడుతున్నాయి.

మోనిక అతని పెదాల వైపు చూడలేదు.