గోడ స్విచ్చు

పొద్దున్న ఏడింటికి ప్రింటర్ నీలం మానేసింది. ఎరుపు వచ్చింది, పసుపు వచ్చింది, నలుపైతే ముందే వచ్చి కూర్చుంది. నీలం గీతలు పడాల్సిన చోట మాత్రం తెల్ల కాగితం పళ్ళికిలించింది. వచ్చి వచ్చి ఇవాళే రావాలా దీనికి రోగం?

నాలుగింటికల్లా ఆమె పన్నెండు బొమ్మలు పట్టుకెళ్ళి, పిల్లల పుస్తకాలు వేసే పబ్లిషరమ్మ ముందు పెట్టాలి. బొమ్మలేసే ఉద్యోగం మానేసిన ఆరేళ్ళకి దొరకబోతున్న మొదటి పని. పబ్లిషరమ్మ ఐదింటి రైలుకి వెళ్ళిపోతుంది. వెళ్ళేలోపు చూడాలి. ఆవిడ ముందే చెప్పేసింది, "ఫోన్లో చూపిస్తే చూడనమ్మా, కాగితం మీద తే. నేను ముందు ఆఖరి బొమ్మ చూస్తాను. అది కుదిరితేనే మిగతావి" అని. ఆ ఆఖరి బొమ్మలో ఉన్నదంతా ఆకాశమే. కింద ఓ మూల గాలికి కొట్టుకుపోతున్న గొడుగు, దాని కేసి చూస్తున్న పిల్ల, మిగిలిందంతా నీలం. వీధి చివరి జిరాక్సు కొట్టులో నలుపు తప్ప రంగు లేదు. ఇవాళ ఆదివారం, ఊళ్ళో రంగు వేసే కొట్లూ ఇంకు అమ్మే కొట్లూ మూత. కాబట్టి బతికినా చచ్చినా ఈ ప్రింటరే.

"వాడని వస్తువు పాడవుతుందని నేనెప్పుడో చెప్పాను," అన్నాడు భర్త, పేపరు వెనక నుంచి.

"మొన్న కూడా వాడానండీ."

"వాడావేమో. సరిగ్గా వాడి ఉండవు."

ఆ మాటలో కోపం లేదు. అదే ఒళ్ళుమంట. కోపంగా అంటే తిరిగి ఓ మాట అనొచ్చు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, తప్పు ఎవరిదో తేల్చేసి పేజీ తిప్పే మనిషితో ఏం పోట్లాడతాం?

ఆయన పత్రికాఫీసులో ప్రూఫ్ రీడరు. మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ ఎక్కుతాడు. చేతిలో పెన్సిలు లేనిదే ఏదీ చదవడు. ఇంటి పన్ను నోటీసు కానీ, మందు డబ్బాలో మడిచి పెట్టే కాగితం కానీ, పేరా అయ్యాక పక్కన చిన్న టిక్కు పడాల్సిందే, లేకపోతే చదివినట్టు కాదు. ఆఫీసులో ఆయన్ని టిక్కు మాస్టారంటారు. పెళ్ళయిన కొత్తలో ఆమె పుట్టింటి నుంచి రాసిన ఉత్తరాలకి కూడా టిక్కులు పెట్టి దాచుకున్నాడు. అప్పుడది ముద్దుగానే ఉండేది.

ఆమె తమ్ముడికి ఫోను చేసింది. అతను వేరే ఊళ్ళో ప్రింటర్లు బాగుచేస్తాడు.

"క్లీనింగ్ ఎన్నిసార్లు నొక్కావక్కా?"

"మూడుసార్లు."

"ఇంక నొక్కకు. అది కడగడం కాదు, ఇంకు తాగడం. నీలం ఎంత మిగిలింది?"

అడుగంటింది. డబ్బా ఎత్తి వెలుతురులో చూస్తే వేలెడు కూడా లేదు. పన్నెండు బొమ్మలకి బొటాబొటీగా సరిపోవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తమ్ముణ్ణి ముందే అడగనందుకు తనని తనే తిట్టుకుంది.

తమ్ముడు చెబుతుంటే ఒక్కొక్కటే చేసింది. బల్ల మీద పాత దుప్పటి పరిచింది. రంగు డబ్బాలు బయటికి తీసి, గడియ ఎత్తి, కాగితం మీద సిరా చిమ్మే హెడ్డుని ఊడదీసింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, అంతే. దాని అడుగున కంటికి ఆనని సన్నటి రంధ్రాలు. వాటి మీద సిరా ఎండి పొక్కు కట్టింది. బ్యాటరీల్లో పోసే నీళ్ళు గోరువెచ్చగా చేసి, సాసరులో నాలుగు మడతల టిష్యూ తడిపి, హెడ్డుని దాని మీద కూర్చోబెట్టింది. రాగి బిళ్ళలున్న వైపు చుక్క తడి తగలనివ్వలేదు. మొదటి టిష్యూకి అంటింది బురద. రెండోదానికి నలుపు. మూడోదానికి మళ్ళీ బురదే. అప్పుడు మందుల షాపు సిరంజికి సూది పీకేసి, చిన్న రబ్బరు గొట్టం తొడిగి, నీలం రంధ్రం మీద ఆనించింది.

"గట్టిగా తొయ్యకు. లోపల పొర చిరిగిందంటే ఇక చెత్తబుట్టే," అన్నాడు తమ్ముడు.

ఊపిరి బిగబట్టి, బొటనవేలు నొప్పెట్టేదాకా నెమ్మదిగా నొక్కింది. పదింపావుకి టిష్యూ మీద నీలం చుక్క పడింది. ఆ చుక్క మెల్లగా పెద్దదవుతుంటే ఆమెకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ప్రింటరు బాగవుతోందని కాదు, తనకీ ఇంకా ఏదో చేతనవునని.

"ఇంక గంటన్నర ఆరనివ్వు. తడిగా బిగిస్తే కాలిపోద్ది," అన్నాడు తమ్ముడు. "అక్కా, దీన్ని ఎక్కడ ఆపుతారు? దాని మీద బటనా, గోడ స్విచ్చా?"

"నేను బటనే నొక్కుతా. ఏం?"

"బటన్ నొక్కితే హెడ్డు వెళ్ళి దాని మూత మీద కూర్చుంటుంది. సిరా ఆరదు. గోడ దగ్గర తీసేస్తే ఉన్నచోటే నోరు తెరుచుకుని ఉండిపోద్ది. మీ ఇంట్లో ఎవరో తీసేస్తున్నారు."

ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఒక్కో గది దాటుతూ గోడ మీద చెయ్యి వేసుకుంటూ పోవడం ఆయనకి అలవాటు. ఫ్యాను టక్, లైటు టక్. ఆఖరి కాగితం బయటికొచ్చిందో లేదో, ఆమె గిన్నెలు దించడానికి లేస్తే చాలు, వెనకాలే టక్.

సొరుగులోంచి ప్రింటరుతో వచ్చిన పుస్తకం తీసింది. పదకొండో పేజీలో లావు అక్షరాల్లో ఉంది, ప్రింటరును గోడ స్విచ్చుతో ఎన్నడూ ఆపరాదు, హెడ్డు ఎండి పూడుకుపోవును అని. పక్కన పెన్సిలు టిక్కు. పైగా ఆ వాక్యంలో ఒక అచ్చుతప్పుంటే దాన్ని దిద్దాడు కూడా.

తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. "ఇది చదివారా?"

కళ్ళజోడు సర్దుకున్నాడు. "టిక్కుందిగా. చదివాను."

"చదివి కూడా రోజూ గోడ దగ్గరే తీసేస్తున్నారా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. అబద్ధమాడే మనిషి కాదు. "నేను తప్పులు చూస్తానోయ్. అందులో ఏం రాశారో చూడను. ముప్పయ్యేళ్ళ అలవాటు. విషయంలో పడితే తప్పులు జారిపోతాయి."

ఆమెకి వెంటనే ఆ నాలుగు పేజీల ఉత్తరం గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట, అమ్మకి బాగోలేక పుట్టింట్లో ఉన్నప్పుడు రాసింది. ఉద్యోగం మానమనకండి, బొమ్మలు వెయ్యకపోతే నేను మనిషిగా ఉండను అని రాసింది. అన్ని పేరాలకీ టిక్కులు పడ్డాయి. తిరిగొచ్చాక ఆయన, "మానేస్తే ఏం పోతుందిలే," అన్నాడు. అంతా చదివే కాదన్నాడనుకుని ఆరేళ్ళు లోపల్లోపల ఏడ్చింది. కాదనాలన్నా ముందు వినాలి కదా. ఆయన అదీ చెయ్యలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊది, ఇన్నాళ్ళూ ఆయనకి నచ్చలేదనుకుంది.

"ఇవాళ ఆ స్విచ్చు జోలికి వెళ్ళకండి," అంది.

"అలాగేలే."

పన్నెండున్నరకి హెడ్డు బిగించింది. పరీక్ష కాగితం మీద నీలం గీతలన్నీ ఒక్కటి తప్పకుండా పడ్డాయి. పన్నెండు బొమ్మలూ వరసగా పంపేసి, ప్రింటరు పక్కనే స్టూలేసుకుని కూర్చుంది. ఒక్కోటి పది నిమిషాలు తీసుకుంది. రెండూ నలభై అయ్యేసరికి పదకొండు పూర్తయి, పన్నెండోది మొదలైంది. తలుపు తాళం, సంచీ తెచ్చుకుందామని పక్కగదిలోకి వెళ్ళింది. ఆయన డ్యూటీకి బయల్దేరాడు.

టక్.

పరిగెత్తుకొచ్చింది. ఆకాశం సగంలో ఆగింది. స్విచ్చు వేస్తే ప్రింటరు కాగితాన్ని కక్కేసి, తనంతట తానే క్లీనింగు మొదలెట్టి, అడుగున ఉన్న ఆ కాస్త నీలాన్నీ తాగేసింది. ఎర్ర దీపం వెలిగింది. డబ్బా ఖాళీ.

పబ్లిషరమ్మకి ఫోను చేసింది. "ఆఖరిది లేకుండా పదకొండు తెచ్చి నేనేం చెయ్యనమ్మా," అంది ఆవిడ. "ఇంకో అమ్మాయివి కూడా వచ్చాయి, అవే ఖాయం చేసేస్తాను. ఏమనుకోకు."

"ఏమైంది?" అన్నాడు భర్త, గుమ్మం దగ్గర బూట్లు కట్టుకుంటూ. చెయ్యి చేసిన పని ఆయనకి తెలియను కూడా తెలియదు.

ఆమె కేకలెయ్యలేదు. వెళ్ళి ఆ సగం కాగితం ఆయన చేతిలో పెట్టింది. "కాస్త తప్పులు చూసిపెట్టండి," అంది.

ఆయన నిటారుగా నిలబడి, జేబులోంచి పెన్సిలు తీశాడు. పై సగం నీలం, కింది సగం ఒట్టి తెలుపు. గొడుగు లేదు, పిల్లా లేదు. వెలుతురుకి పట్టి శ్రద్ధగా పైనుంచి కిందిదాకా చూశాడు.

"తప్పులేం లేవోయ్," అని మూలన టిక్కు పెట్టి, కాగితం ఆమెకిచ్చేసి మెట్లు దిగాడు.