ఆదివారం తీసిన ఫోటో

రెండువేల పదిహేను అది. రాష్ట్రం విడిపోయి ఏడాది దాటింది, కొత్త రాజధాని ఎట్లుంటుందో టీవీలో రోజూ బొమ్మలు చూపిస్తున్నారు. నేను హైదరాబాదులో బీటెక్ ముగించి మార్కాపురం వచ్చి నాయన స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చున్నా. కూర్చున్నా అంటే, ఎదురుగా యేసుమణక్క టిఫిను బండిని చూస్తా కూర్చున్నా!

పాత ట్రాలీ ఆటో. వెనక తలుపు దించితే అదే బల్ల, దాని మీద పెనం, కింద గ్యాస్ బండ. నడిపేది ఆమే, దోసె పోసేది ఆమే. వాళ్ళాయన ఏబేలు పలకల గనిలో దుమ్ము పీల్చి పీల్చి ఇంట్లో దగ్గుతా కూర్చున్న మనిషి, ఇల్లు నడిచేది ఆ పెనం మీదే. బస్టాండు గేటు పక్కన చోటు. గిద్దలూరు బస్సు దిగినోళ్ళు, కోర్టు వాయిదాలకి వచ్చినోళ్ళు అందరూ అక్కడే తింటారు, తొమ్మిదేళ్ళ నుంచి.

"అక్కా, సిటీలో దీన్ని ఫుడ్ ట్రక్ అంటారు తెలుసా?"

"ఏమన్నా అనుకోనీ పాపా. చట్నీలో కారం తగిలితే తింటారు, తగలకపోతే పోతారు."

అప్పుడే మున్సిపాలిటీ వాళ్ళు వీధి వ్యాపారుల సర్వే అన్నారు. సర్వేలో పేరెక్కితే కార్డు, కార్డుంటే చోటు. కార్డు లేని బండి ఒకచోట అరగంట మించి ఆగకూడదు. నేను ఎగిరి గంతేసినా, చట్టం మొత్తం ఫోన్లో చదివినా, అక్కకి అర్థమయ్యేదాకా చెప్పినా, "నువ్వు దిగులు పడొద్దు, నేను చూసుకుంటా" అన్నా.

సర్వే ఆయన వచ్చింది ఆదివారం.

ఆదివారం అక్క పెనం ఎక్కించదు. బండికి పట్టా కప్పి, తాళం మా దుకాణంలో ఇచ్చి, శనివారమే సొంతూరికి పోతాది. ఊళ్ళో ఆరాధన, మధ్యాహ్నం దాకా ఫోన్ ఆఫ్. సర్వే ఆయన పేరు కాటమరాజు, నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద, చేతిలో ట్యాబ్, చెమటలు కారుతున్నాయి.

"ఈ బండి ఎవరిది? మనిషేరి?"

"చర్చికి పోయింది. రేపు రండన్నా."

"రేపు నాకు వేరే వార్డమ్మా, ఇక్కడికి ఇయ్యాలే ఆఖరు. మనిషి బండి పక్కన నిలబడాల, ఫోటో, ఆధార్, వేలిముద్ర. లేదంటే ఖాళీ అని రాస్తా."

"ఖాళీనా! తొమ్మిదేళ్ళ నుంచి ఉందన్నా ఇక్కడే!"

"నాకు కనపడేది రాస్తా. నాకు కనపడేది పట్టా."

పదిసార్లు ఫోన్ చేసినా, ఎత్తలేదు. ఆయన ట్యాబ్ మూయబోతున్నాడు. అంతే, నేను పోయి పట్టా తీసి, గరిటె పట్టుకొని నిలబడినా. నా ఆధార్, నా వేలు. చోటు పోకుండా పట్టుకుందాం, పేరు తర్వాత మార్చుకోవచ్చు అనుకున్నా. ఆయన ఫోటో తీస్తా "నవ్వొద్దమ్మా" అన్నాడు కూడా.

సాయంత్రం అక్క వచ్చినాక చెప్పినా. "మారుస్తారా మరి?" అన్నది.

"మారుస్తారక్కా, ఎందుకు మార్చరు!"

రెండు నెలలకి కార్డు వచ్చింది. పదిహేడో నంబరు చోటు, నా పేరు, నా మొహం. నేను దాన్ని పర్సులో పెట్టి ఎట్ల చెప్పాలా అని ఆలోచిస్తుంటే మా నాయన నాగభూషణరావుకి బజార్లో తెలిసిపోయింది.

"ఏం తల్లీ, బస్టాండు గేటు నీ పేరున వచ్చిందంట! మీ చిన్నాయన ఎప్పటినుంచో వ్యాను కొంటానంటున్నాడు, నూడిల్స్ పెడతాడంట."

"అది యేసుమణక్కది నాయనా."

"కార్డు మీద ఎవరిది? మనమేమన్నా లాక్కున్నామా? వాళ్ళే ఇచ్చినారు."

"వాళ్ళకి తెలీక ఇచ్చినారు!"

"తెలిసిచ్చినా తెలీకిచ్చినా ముద్ర ముద్రే. పోయి అన్నం తిను."

రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున మున్సిపాలిటీ ఆఫీసు తలుపు తీయకముందే పోయి నిలబడినా. అక్కడ గుమస్తా జీవరత్నమ్మ. నేను రాసుకొచ్చిన కాగితం ఇచ్చినా: ఈ చోటు నాది కాదు, కార్డు వాపసు ఇస్తున్నా, యేసుమణికి ఇవ్వగలరు.

"ఆమెనడిగినావా?"

"ఆమె నాకు అక్కే మేడం."

ఆమె నా మొహం చూసింది, ముద్ర గుద్దింది, కార్డు మూల కత్తిరించింది. తర్వాత చెప్పింది. "చోటింక కమిటీకి పోతాది. సర్వేలో పేరుండీ చోటు రానోళ్ళు నలభై మంది లిస్టులో ఉన్నారు."

"యేసుమణక్క?"

"ఆమె సర్వేలో యాడుంది? అక్కడ అమ్మేది నువ్వేనని వేలిముద్ర వేసింది నువ్వే."

"మళ్ళీ సర్వే ఎప్పుడు?"

"ఐదేళ్ళకి."

నేరుగా బండి దగ్గరికి పరిగెత్తినా. అక్క దోసె తిప్పుతా వింది, అంతా వింది, మంట తగ్గించింది.

"కార్డెప్పుడొచ్చింది?"

"నిన్న."

"నిన్న నేను యాడున్నా?"

"ఇక్కడే."

"మీ దుకాణానికీ నా బండికీ ఎంత దూరం పాపా?"

ఆమె దోసె తీసి ప్లేట్లో పెట్టింది.

"నీ పేరునే ఉండనిస్తే ఏం పోయింది? పొద్దున నాలుగు గంటలసేపు ఇక్కడ కుర్చీ వేసుకొని కూర్చుంటే చాలు, అడిగినోడికి కార్డు చూపిస్తావు. మీ నాయన తిడితే తిట్టించుకుంటావు. నీకు తిట్లు, నాకు చోటు."

"నీ చోటు నా పేరున పెట్టుకోవడం తప్పు గదక్కా..."

"నిద్ర పట్టక ఇచ్చేసొచ్చినావు. ఆరోజంటే నేను గుళ్ళో ఉన్నా, అడగలేదు. ఇయ్యాల?"

కోర్టుకొచ్చిన పెద్దాయన ఒకాయన ప్లేటు చాపినాడు. "ఇంకోటెయ్ అమ్మాయ్, కారం దోసె." ఆమె వేసింది.

పదిహేడో నంబరులో ఇప్పుడు ఎవరిదో చెరుకు రసం మిషన్. అక్క పొద్దున ఆసుపత్రి గోడ దగ్గర మొదలుపెడతాది, అరగంటకో చోటు మారాల: పది నిమిషాలు పెనం వేడెక్కాల, ఇంకో పది నిమిషాల్లో ఎన్ని దోసెలు పడితే అన్ని, ఆ తర్వాత మంట ఆర్పి చల్లార్చుకోవాల, కాలే పెనంతో బండి కదలదు గదా. మొన్న నేను పోయేసరికి మున్సిపాలిటీ ఆయన విజిల్ వేస్తున్నాడు. పెనం మీద సగం కాలిన దోసె ఉంది. అక్క దాన్ని మడిచి ఆకులో పెట్టి ఆయన చేతికే ఇచ్చింది.

"అక్కా, కమిషనర్‌కి ఇంకో అర్జీ రాసినా," అన్నా, కాగితం చూపిస్తా. "నువ్వు ఒకసారి చదివి, సరేనంటేనే ఇస్తా."

ఆమె తడి గుడ్డతో పెనం అంచు పట్టుకొని దించుతోంది. కాగితం వైపు చూడలేదు.

"నాకిప్పుడు చదివే తీరికుందా?" అన్నది. "పక్కకి జరుగు పాపా. బండి వెనక్కి తీయాల."